సవ్యసాచి

ఆకాశము మబ్బుపట్టి పిడుగు ధ్వనించినప్పుడు, తెలుగువారి ఇండ్లలో పెద్దలు పిల్లలను దగ్గరకు దీసికొని అర్జునుని నామములను పలికించుట పూర్వాచారము. అర్జునుడు, ఫల్గుణుడు మొదలుగాగల ఆ పది నామములలో ‘సవ్యసాచి’ యనునది యొకటి. పిల్లవాడు అర్థ మెరుగకయే దానిని పలుకును. పలికిన కొలది అతని భయము తీరును. ఆ పిల్లవాడే మరునాడు పంక్తిలో గూర్చుండి, తనకు స్వాభావికముగా ముందు సాగెడు ఎడమచేతిని ప్రసాదమునకై చాచెనేని, అదే పెద్దలు ‘పుర్రచేయి’ యని గద్దింతురు. ఒక్కొక్కచోట ఆ చేతిపై దెబ్బయు పడును. ఎడమచేతను సైతము బాణము వేయగలవాడను కీర్తినామము నిన్న రక్షామంత్రమైనది. నేడు ఎడమచేయియే దోషమైనది! ఈ వైరుధ్యమును నెమ్మదిగా విచారించినచో, ఇది యొక చిన్న గృహసమస్య మాత్రమే కాదనియు, ‘చేయువాడెవడు?’ అను గొప్ప ప్రశ్న దీనిలో నిమిడియున్నదనియు తెలియగలదు.

మొదట ఆచారమునకు న్యాయము చేయుట యుక్తము. మన దేశమున భోజనము చేతితోనే చేయుదురు. శౌచమునకు నీటిని వాడుదురు. ఒక చేతిని అన్నమునకును, రెండవ చేతిని శౌచమునకును ప్రత్యేకించుట ఆరోగ్యమునకు రక్షణ. తెలుగున కుడుచుట యన భుజించుట. కుడిచేయి యనగనే అన్నము తలపునకు వచ్చును. ఆహుతి, అర్చనము, దానము సామాన్యముగా దక్షిణహస్తముచేతనే జరుగును. సంస్కృతమున దక్షిణశబ్దమునకు కుడి యనియే గాక, నేర్పుగలది యనియు, ఉదారమైనది యనియు అర్థములు కలవు. దేవుని కుడివైపున నుంచుకొని తిరుగుటయే ప్రదక్షిణము. ఇట్టి మర్యాదలు సంఘజీవనమునకు సొంపు గూర్చునవి. వానిని తృణీకరింప నక్కరలేదు. కాని మర్యాద వేరు, పాపపుణ్యములు వేరు. మర్యాదను పాటించుటలో తడబడినవానిని పాపి యని తలచుట ధర్మము కాదు.

ఎడమచేతివాటము ఎవరును కోరి తెచ్చుకొన్నది కాదు. మానవులలో నూటికి సుమారు పదిమంది ఎడమచేతివారు. మెదడుయొక్క కుడిభాగము ఎడమచేతిని, ఎడమభాగము కుడిచేతిని నడిపించును. తల్లిగర్భముననే శిశువు ఒక చేతి బొటనవ్రేలిని మరియొకదానికంటె హెచ్చుగా నోటనుంచుకొనుటను నేటి వైద్యులు యంత్రసహాయమున గాంచియున్నారు. ఒకే గర్భమున జనించిన కవలలలో సైతము ఒకడు కుడిచేతివాడు, మరియొకడు ఎడమచేతివాడు అగుట కలదు. ఇక ఇందు బాలుని మొండితన మెక్కడ? అవిధేయత యెక్కడ? కన్ను తెరువకమునుపే యేర్పడుచున్న ప్రవృత్తిని బెత్తముతో సరిదిద్దబూనుట, ప్రవాహమును కఱ్ఱతో కొట్టి వెనుకకు మరల్పబూనుట వంటిది.

భాష సైతము ఈ విషయమున మనకొక పాఠము చెప్పుచున్నది. సంస్కృతమున సవ్య మనగా ప్రధానముగా ఎడమ. యజ్ఞోపవీతము ఎడమభుజముపైనుండి కుడిచేతి క్రిందికి వ్రేలాడునట్లు ధరించి దేవకార్యములు చేయుదురు. పితృకార్యములందు దానిని కుడిభుజముపైకి మార్చుదురు. మొదటిది సవ్యము, రెండవది అపసవ్యము. అట్లు ఎడమను దెలుపు ఆ మాటయే తెలుగువాని నోట ‘చక్కగా, సక్రమముగా’ అను అర్థమును సంపాదించినది. ‘పని సవ్యముగా జరిగినది’ యని సంతోషించునప్పుడు మన మెఱుగకయే ఎడమను కొనియాడుచున్నాము! వామశబ్దమును అట్టిదే, దానికి ఎడమ యనియు, సుందర మనియు అర్థములు కలవు. అర్ధనారీశ్వరమూర్తియందు జగన్మాత అధిష్ఠించినది ఎడమభాగమునే. అమ్మ నివసించుచోటు అపవిత్రమెట్లగును?

గురువునకు పాదాభివందన మొనర్చునప్పుడు శిష్యుడు చేతులను అడ్డముగా మార్చి, కుడిచేత గురుని కుడిపాదమును, ఎడమచేత ఎడమపాదమును స్పృశింపవలెనని మనువు విధించెను. ఒక్క కుడిచేయి మాత్రమే పవిత్రమైనచో ఈ విధి యుండెడిది కాదు. నమస్కారమును చూడుడు. ఒక్క అరచేతితో అంజలి యేర్పడదు. రెండును సమముగా, ఎదురెదురుగా నిలిచి, ఒకదానినొకటి ఆనుకొన్నగాని ‘నేను’ అను తల వంగదు. వీణావాదనమున కుడిచేయి తంత్రిని మీటును. కాని స్వరమును నిలిపి, కంపింపజేసి, గమకమిచ్చి రాగమునకు ప్రాణము పోయునది మెట్లపై నడయాడు ఎడమచేయియే. వినువారు ఇది యీ చేతిది, అది యా చేతిది యని విభజింతురా?

చిదంబరమున ఆనందతాండవమాడు నటరాజమూర్తిని సేవించినవారు ఆ చేతులను గమనించియే యుందురు. పై కుడిచేత సృష్టిని సూచించు ఢమరుకము. పై ఎడమచేత లయమును సూచించు అగ్ని. క్రింది కుడిచేయి అభయమిచ్చును. క్రింది ఎడమచేయి పైకెత్తిన పాదమును చూపుచు, ‘ఇదియే శరణు’ అని తెలుపును. ఆ యెత్తిన పాదమును ఎడమపాదమే. ఇక మధురలోని మీనాక్షీసుందరేశ్వరాలయమున, వెళ్ళియంబలమను వెండిసభయందు, స్వామి కుడిపాదము నెత్తి యాడుచుండును. దానికొక కథ కలదు. ఒక పాండ్యరాజు నాట్య మభ్యసించి, ఒంటికాలిపై నిలుచుటలోని శ్రమను తన దేహమున నెఱిగి, ‘స్వామీ, ఎల్లప్పుడును ఒకే పాదముపై నిలిచి యెంత అలసితివో! ఒక్కమారు కాలు మార్చి ఆడుము’ అని కన్నీటితో వేడుకొనెనట. భక్తుని ప్రేమకు లొంగి ప్రభువు కాలు మార్చెను. ప్రభువునకు కుడియెడమల నిర్బంధము లేదు. ప్రేమయొక్క నిర్బంధ మొక్కటే కలదు.

ఈ సత్యమునకు తెలుగునాట సువర్ణముఖీతీరమున శ్రీకాళహస్తి సాక్షి. తిన్నడు బోయవాడు. అతడు అభిషేకజలమును నోట పుక్కిలించి తెచ్చెను. రుచిచూచిన మాంసమును నివేదించెను. స్వామి కంట నెత్తురు కారగా తన కన్ను పెకలించి యర్పించెను. రెండవ కన్నును సైతము సమర్పింపనెంచి, చోటు గురుతుండుటకై స్వామి కంటిపై తన కాలినే మోపెను. అతడు శివుని కన్నప్ప యయ్యెను. ఎంగిలినీటిని గంగగాను, కాలిమోపును పూజగాను గైకొన్న దేవుడు, ఒక పసివాడు ప్రేమతో ఎడమచేత నుంచిన పూవును త్రోసివేయునా?

అయినను ఇంతటితో విచారణ ముగియలేదు. ఏ చేయి యను ప్రశ్నకంటె లోతైనది ఎవరి చేయి యను ప్రశ్న. దానికి సమాధానము సవ్యసాచి జీవితముననే కలదు.

విరాటపర్వమున శమీవృక్షముకడ ఉత్తరుడు అడుగగా అర్జునుడు తన పది నామముల అర్థములను వివరించెను. గాండీవమును లాగుటయందు తన రెండు చేతులును సమర్థములగుటచే తనను సవ్యసాచి యందురని యతడు చెప్పెను. అప్పుడు అతని మాటలో తొట్రుపాటు లేదు. ఆనాడు ఒంటరిగానే కౌరవసేన నెదిర్చి గెలిచెను. తరువాత కురుక్షేత్రమున ఉభయసేనల నడుమ రథము నిలిచినప్పుడు జరిగినదేమి? ఆ రెండు చేతులు అట్లేయున్నవి, అభ్యాసము అట్లేయున్నది, గాండీవము మాత్రము చేతినుండి జారిపోయెను. రెండుచేతుల నేర్పరికి విల్లు పట్టుటకు ఒక్క చేయియు చాలకపోయెను. మనస్సు శోకమోహములచే క్రుంగినప్పుడు చేతి నైపుణ్య మెందుకు?

గీతయందు పదునొకండవ అధ్యాయమున విశ్వరూపమును జూపి భగవానుడు, ఈ యోధులు తనచే నింతకుమునుపే హతులైరనియు, నీవు నిమిత్తమాత్రుడవు కమ్మనియు బోధించెను. అర్జునునకు నామములనేకము లుండగా, సరిగా ఆ వాక్యమున ఆయన పిలిచిన పేరు సవ్యసాచి! ఎడమచేతను సైతము బాణములు విడువగలవాడు గనుక ఆ పేరు కలిగెనని శంకరభగవత్పాదులు భాష్యమున వివరించిరి. ‘నీకు రెండు చేతుల నేర్పు కలదు, ఆ రెండును నావే’ యని ప్రభువు సూచించినట్లు భావింపదగును. ఒక చేతిని దేవునికిచ్చి రెండవచేతిని అహంకారమునకు దాచుకొన్నచో శరణాగతి సగమే యగును.

ఈ బోధ యెంత సత్యమో మౌసలపర్వము తెలుపుచున్నది. శ్రీకృష్ణనిర్యాణానంతరము అర్జునుడు ద్వారకనుండి స్త్రీలను, బాలులను, వృద్ధులను వెంటబెట్టుకొని పోవుచుండగా ఆభీరులు అడ్డగించిరి. గాండీవము నెక్కుపెట్టుటయే కష్టమయ్యెను. అస్త్రములు స్మరణకు రాలేదు. అక్షయమని పేరొందిన తూణీరములందలి బాణములు తరిగిపోయెను. కన్నుల యెదుటనే స్త్రీలను దొంగలు కొనిపోయిరి. చేతులు అవే, విల్లు అదే, సారథి మాత్రము లేడు. కుడిచేతివారును, ఎడమచేతివారును, రెండుచేతులవారును ఈ ఘట్టమును మరువరాదు.

నిమిత్తమాత్రుడై పనిచేయువానికి ఏ చేయియైనను దేవుని చేయియే. 1909వ సంవత్సరము నవంబరు మాసమున గాంధీమహాత్ముడు లండను నుండి దక్షిణాఫ్రికాకు మరలుచు, ‘కిల్డోనన్ కాసిల్’ అను ఓడలో ‘హింద్ స్వరాజ్’ గ్రంథమును గుజరాతీభాషలో వ్రాసెను. సుమారు పది దినములలో 275 పుటల వ్రాతప్రతి సిద్ధమయ్యెను. కుడిచేయి అలసినప్పుడు ఆయన కలము నెడమచేతికి మార్చెను. సుమారు 40 పుటలు ఆ చేతి వ్రాతయే. కుడిచేతి పుటలలో సత్యము హెచ్చుగను, ఎడమచేతి పుటలలో తక్కువగను ఉన్నదని చెప్పగలవా రెవరు? హృదయమున ప్రేరణ నిండినప్పుడు చేతులు కావడిమోయు భుజములవంటివి: ఒకటి నొచ్చినచో భారము రెండవదానిపైకి మారును, యాత్ర నిలువదు.

శ్రీరామకృష్ణపరమహంస గృహస్థులకు ఉపదేశించుచు ఈ చేతుల దృష్టాంతమునే వాడెను. ఒక చేత భగవంతుని పాదములను పట్టుకొని, రెండవచేత సంసారకార్యములను నిర్వర్తింపవలెననియు, ఆ కార్యములు తీరినపిదప రెండు చేతులతోను ఆయననే పట్టుకొనవలెననియు ఆయన బోధ. వడ్లు దంచు స్త్రీ కథయు ఆయన చెప్పినదే. కాలితో త్రొక్కగా లేచిపడు బరువైన రోకలిక్రింద ఆమె ఒక చేత ధాన్యమును త్రోయుచుండును; మరియొక చేత బిడ్డను పట్టుకొని పాలిచ్చుచుండును; కొనవచ్చినవానితో బాకీలు మాటాడుచుండును. అయినను ఆమె మనస్సులో అధికభాగము రోకలి చేతిపై పడకుండుటయందే యుండును. ఆమెయే నిజమైన సవ్యసాచి. చేతులు రెండుపనులందుండగా మనస్సు ఒక్కచోట నిలిచినది. మనలో అనేకుల స్థితి దీనికి విపరీతము: చేయి యొక్క పనియందుండును, మనస్సు పదిచోట్ల తిరుగును.

కావున తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును ఎడమచేత వ్రాయు బాలుని వ్రాయనిత్తురు గాక! వాని పలకను లాగుకొని, చేతిని కట్టి, తోటివారి యెదుట నవ్వులపాలు చేయుట హింస. అట్టి బాలుడు అక్షరమునకు భయపడును. పిదప గుడిలో అడుగిడుటకును భయపడును. దేవుని సన్నిధియందు తాను తప్పుగా పుట్టినవాడనని ఒక పసిహృదయము తలచుటకంటె గొప్ప అపచారము వేరొకటి యుండునా? పంక్తిమర్యాద నేర్పవలసియున్నచో ప్రేమతో నేర్పవచ్చును, ఆలస్యమైనను ఓర్వవచ్చును.

కుడిచేతివారును ఒకమారు తమ కుడిచేతిని చూచుకొందురు గాక! ఉదయమున హారతి కన్నుల కద్దుకొన్న ఆ చేయియే మధ్యాహ్నమున లంచ మందుకొనవచ్చును. తప్పుతూకమునకు త్రాసును వంచవచ్చును. అసత్యపత్రముపై సంతకము చేయవచ్చును. దానిని ఎవరును గద్దింపరు, కుడిచేయి గదా! కాని ఎడమచేతనైనను బిచ్చగాని ఆకలి తీర్చినవాని దానమును, పడిపోవుచున్నవానిని పట్టి నిలిపినవాని సేవను అంతర్యామి గైకొనును. శుచిత్వము చేతికి నీటివలన కలుగును. కర్మకు భావమువలన కలుగును.

పంక్తిలో ఆ బాలుడు ఇంకను ఎడమచేయి చాచియే యున్నాడు. గద్దింపనేల? ‘నాయనా, రెండు చేతులును దోసిలిపట్టుము, ఇది స్వామి ప్రసాదము’ అని చెప్పిన చాలును. కుడిచేయి పైన, దానికి ఆధారముగా ఎడమచేయి క్రింద నిలిచి దోసిలి యగును. అందు మర్యాదయు నిలిచినది, బాలుని మనస్సును నిలిచినది. పెద్దవారును తుదకు నేర్వవలసినది ఆ దోసిలినే. పనులన్నియు తీరిననాడు, కుడియెడమల గర్వమును, న్యూనతయు వీడి, రెండు చేతులతోను తన్ను పట్టుకొనుభాగ్యమును సవ్యసాచి సారథి మనకందరకు అనుగ్రహించుగాక!