ఆటలో చేసిన మేలు



బెల్జియం దేశపు చిత్రకారుడైన పేయో 1958లో స్మర్ఫులు అను నీలివర్ణపు చిన్న మనుష్యులను కల్పించెను. 1981లో వారి బొమ్మల కథలు అమెరికా టెలివిజనులో ప్రారంభమాయెను. మరుసటి యేడు కోలెకో కంపెనీ, ఇంటి టెలివిజనుకు తగిలించి ఆడు తన యంత్రము కొరకు వారిని గూర్చి ఒక ఆట చేసెను. మాంత్రికుడైన గార్గమెల్ కోటలో చిక్కిన స్మర్ఫెట్‌ను విడిపించుటకు ఒక స్మర్ఫు అడవిని, గుహను దాటి పోవలెను. కంచె తగిలినను ప్రాణము పోవును. అయినను మరియొక ప్రాణము సిద్ధముగా నుండును. అవియు అయిపోయినచో మీట నొక్కి తిరిగి ఆరంభింపవచ్చును.

ఏమియు పోగొట్టుకొనక చేసిన మేలు మేలగునా? మంచి సమరయుడు తన నూనెను, ద్రాక్షారసమును, రెండు దేనారములను వెచ్చించెను. తన ప్రయాణమును ఆపుకొనెను. ఆటలోని బిడ్డ వెచ్చించినది ఏమున్నది?

అయినను ఆట వ్యర్థమని త్రోసివేయకుడి. ఆపదలోనున్న వారిని విడిచిపోరాదను తలంపు పసిమనస్సున పడుట మంచిదే. అది విత్తనము, పంటకు చెమట కావలెను. నేడు ఫోనులో ఆడుకొను మన బిడ్డల విషయమును అంతే. ఆట చాలించి లేచిన బిడ్డను, పొరుగింటి ముసలమ్మకు బిందెడు నీళ్లు మోసి యిమ్మని పంపుడి. అక్కడ చేయి నొచ్చును. మేలు అక్కడనే మొదలగును.