మరకయు చుక్కయు

దోషమును దిద్దుట మంచిపని యని యెల్లరు నొప్పుకొందురు. ఏది దోషమో, దాని నెంతవరకు గీకవలెనో విచారించువారు మాత్రము తక్కువ. ఈ విచారమునకు శిలాముద్రణము మంచి యుదాహరణము.

1796 ప్రాంతమున బవేరియాలో సెనెఫెల్డరు కనిపెట్టిన యీ విద్యకు మూలము జిడ్డునకును నీటికిని గల వైరము. జిడ్డుసిరాతో రాతిపై వ్రాసి, దానికి ఆమ్లము కలిపిన తుమ్మబంక పూసి, పిదప నీట తడిపినచో, అక్షరము సిరాను గ్రహించును. తడిసిన తావు దానిని త్రోసివేయును. రెండును సమతలమున నుండి స్వభావమున మాత్రమే వేరగును. తరువాత రాతికి బదులు లోహపు రేకులు వచ్చినను ధర్మ మదియే.

కావుననే ఖాళీచోట వ్రేలి జిడ్డు సోకినను అచ్చట సిరా పట్టును. తెలియనివాడు గుడ్డతో తుడుచును. సిరా పోవునుగాని జిడ్డు పోదు. మరుకాగితముపై మరక మరల కనబడును. రేకును కోపముతో గీకినచో నింకను కీడు: నీటిని నిలుపు సన్నని గరుకుదనము నశించి, నునుపైన యాచోటు తిరిగి సిరానే పట్టును. నేర్పరి జిడ్డు పోవునంత మాత్రమే మెల్లగా రాచి, ఆమ్లము కలిపిన బంకను పూసి, ఆ తావునకు నీటిని గ్రహించు శక్తిని మరల కలిగించును. నేటి అల్యూమినియము రేకులపై మందుతో మరక తీయువారును, కడిగి బంక పూయక విడువరు.

మన యిండ్లలో బిడ్డల తప్పులను దిద్దు తీ రెట్టిది? దండనచే తప్పు నాటికి మరుగుపడును. దాని మూలమైన భయమో, అనాదరమో మిగులును. దండన మితిమీరినచో, మంచిని నిలుపవలసిన ఆత్మగౌరవమే యరిగిపోవును.

ఇంతకన్న పెద్ద ప్రశ్న, మరక యేదో నిర్ణయించువా డెవడు? నిజాము రాజ్యమున ఉర్దూ గ్రంథములు పెక్కులు కాతిబులు వ్రాయగా శిలాముద్రణమున వెలువడెను. 1904లో హనుమకొండయందు శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము నెలకొల్పబడిన నాటి ఓరుగల్లు సీమలో పెక్కిండ్ల భాష తెలుగు, కచేరి భాష ఉర్దూ. ఉర్దూలో చుక్క యొకటి తీసిన అక్షరమే మారును. తెలుగున వత్తు తీసిన 'ధార' 'దార' యగును. లిపి నెరుగనివాని కంటికి దాని చుక్కలన్నియు మరకలే. అన్యుల యాచారములందు మనకు మరకలుగా దోచునవి మనకు చదువరాని యక్షరములు కావచ్చును.

ఈ మాటను పట్టుకొని అస్పృశ్యతవంటి దురాచారములను కాపాడరాదు. తోడి యక్షరములతో గూడి యర్థ మిచ్చునది చుక్క. వానిని కప్పివేయునది మరక. తోడివాని మనుష్యత్వమును కప్పివేయు అస్పృశ్యత మరకయే. దానిని చట్టముచే తుడుచుట చాలదు. మన మనస్సులందలి జిడ్డు వదలవలెను. సంస్కర్త మొదట చదువ నేర్చి, పిదప సానరాయి పట్టవలెను.