బాంబు పేలినా ఒక దెబ్బ

గోల్ఫ్ నేను ఆడలేదు, ఆడబోను. మా చాకవేలు గుట్టలకీ, వేరుశనగ చేలకీ ఆ ఆటతో పొత్తు లేదు. నందికొండ దిగువన దేవనహళ్ళి వైపు అలాంటి పచ్చికబయలు ఒకటి వెలిసింది కానీ, అది డబ్బున్నవారి లోకం. మా వైపు గుక్కెడు నీటికోసం వెయ్యి అడుగులు బోరు వేస్తుంటే, ఆ ఆటలో నీటి గుంట అంటే బంతి పడకూడని గండం! అయినా ఆ ఆట నియమాల్లో ఒకటి నన్ను చాలాకాలంగా వదలడం లేదు.

గోల్ఫ్‌లో ఎన్ని తక్కువ దెబ్బలతో బంతిని గుంటలో వేస్తే అంత గెలుపు. మూల నియమాలు లోకమంతటా ఒకటే. వాటికి లోబడి ప్రతి క్లబ్బూ తన నేలకు తగ్గట్టు స్థానిక నియమాలు రాసుకుంటుంది. లేత మొక్క దగ్గర బంతి పడితే తీసి పక్కన వేసుకోవడం వంటివన్నమాట.

1940లో లండన్ మీద జర్మన్ విమానాలు బాంబులు కురిపిస్తున్నప్పుడు, ఆ పక్కనే ఉన్న రిచ్‌మండ్ క్లబ్బు అలాంటి నియమాలే కొన్ని రాసింది. బాంబులు పడుతుంటే ఆట ఆపి దాక్కోవచ్చు, తప్పులేదు. శత్రువు దెబ్బకు బంతి కదిలినా, పోయినా ఇంకొకటి పెట్టుకోవచ్చు, జరిమానా లేదు. కానీ సరిగ్గా బంతిని కొట్టే క్షణంలో బాంబు పేలి దెబ్బ చెడితే? మళ్ళీ కొట్టవచ్చు, ఒక దెబ్బ జరిమానాతో.

చదివినవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆలోచనలో పడ్డాను. రెండింటికీ బాంబే కారణం కదా, ఒకచోట క్షమాపణ, ఇంకొకచోట శిక్ష ఎందుకు?

ఆటగాడు అబద్ధమాడతాడని అనుమానమా? ఆ ఆట సంప్రదాయం చూస్తే అలా తోచదు. 1925లో అమెరికా ఓపెన్ పోటీలో బాబీ జోన్స్ బంతి రవ్వంత కదిలింది. అతను తప్ప ఎవరూ చూడలేదు. తనకు తానే ఒక దెబ్బ జరిమానా వేసుకున్నాడు. చివరకు ఇద్దరూ సమానమై, మళ్ళీ ఆడించినప్పుడు విల్లీ మాక్‌ఫర్లేన్ చేతిలో ఓడాడు. ఆ ఒక్క దెబ్బ లేకుంటే కప్పు జోన్స్‌దే. అంత నమ్మకం ఉన్నచోట అనుమానం ఎందుకు?

నాకు తోచింది ఇది. బంతి కదిలిందా లేదా అన్నది జోన్స్‌కు తెలుసు. బాంబు మోతలో తప్పిన దెబ్బలో బాంబు పాలెంత, తన చేతకానితనం పాలెంత అన్నది కొట్టినవాడికీ తెలియదు. చిన్నప్పుడు గోలీలాటలో ‘మోచెయ్యి తగిలింది, మళ్ళీ కొడతా’ అనేవాళ్ళం. అది పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. రిచ్‌మండ్‌వారి ఒక దెబ్బ ఆ తెలియని పాలుకు వెల.

ఇదే తర్కం మా చేలలోకీ వచ్చింది. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమాలో వడగళ్ళు పడితే ఆ రైతు పొలాన్నే చూసి నష్టం కడతారు. కళ్ళకు కనిపించే దెబ్బ అది. వానలేక కాయ తగ్గితే మాత్రం ఒక్కొక్కరి చేను చూడరు. అక్కడక్కడ పంట కోసి, తూచి, ముఖ్యమైన పంటలకు పంచాయతీ మొత్తం సగటు కడతారు. ఈ రైతుకు తగ్గింది వానవల్లా, సేద్యంలో అశ్రద్ధవల్లా అన్నది తేల్చలేరు కాబట్టి. పల్లపు చేలలో నాలుగు కాయలు నిలిచి సగటు గట్టెక్కితే, గుట్టవారన గరుసు నేలవాడికి పైసా రాదు.

తర్కం ఒకటే అయినా న్యాయం ఒకటి కాదంటాను. గోల్ఫ్‌వాడు పోగొట్టుకున్నది ఒక దెబ్బ, మళ్ళీ కొట్టే అవకాశం అతనికి మిగిలింది. గరుసు నేలవాడికి మళ్ళీ విత్తే అదును ఆ ఏడు లేదు. పైగా రిచ్‌మండ్‌లో ఆ నియమం రాసిన సభ్యులే బాంబుల కింద ఆడారు. మా పంచాయతీలో ఏ సర్వే నంబరులో పంట కోసి తూచాలో కూడా పైనుంచే వస్తుంది.