కొండమీది చలిది

చైత్రమాసం ప్రవేశించగానే మన ఊళ్ళకు చేరువనున్న కొండలు కొత్త శోభను దాలుస్తాయి. వేపపూత పరిమళం గాలిలో తేలుతుంది. మామిడికొమ్మలలో కోయిల పలుకుతుంది. ఎండ ముదరకముందే ఇంటిల్లిపాదీ ఫలహారం మూట కట్టుకొని బయలుదేరి, మెట్లెక్కి కొండమీది స్వామిని సేవించి, దిగివచ్చేటప్పుడు ఏ చెట్టునీడనో కూర్చుండి ఆ మూట విప్పుకోవడం తెలుగునాట అనేక కుటుంబాలకు పరిచితమైన విషయమే. అయితే దీనిని గురించి ఒక ధర్మసందేహం పెద్దల నోట వినవస్తూ ఉంటుంది. ఇది యాత్రయా, విహారమా? స్వామి కొరకు వెళ్ళినట్లా, పులిహోర కొరకు వెళ్ళినట్లా?

ఈ సందేహం పైకి కనిపించినంత చిన్నది కాదు. ఆనందం భక్తికి సహకారియా, విరోధియా అన్న పెద్ద ప్రశ్న దీని వెనుక ఉన్నది. విహారమంతా దోషమే అంటే, సంతోషం ముగిసినచోటనే దేవుడు ఉంటాడని పసిబిడ్డలకు నేర్పినవారమవుతాము. ఏమి చేసినా దోషం లేదంటే, దివ్యక్షేత్రం కేవలం వినోదస్థలమైపోతుంది. ఈ రెండింటికీ నడుమనున్న దారి ఏది?

ముందుగా ఆక్షేపించేవారి మాటను గౌరవంతో వినాలి. కొండ అంటే రాళ్ళగుట్ట కాదు, అది భగవత్స్వరూపం అన్నది వారి విశ్వాసం. తిరుమల కొండ సాక్షాత్తు ఆదిశేషుడన్న భావంతో భగవద్రామానుజులు దానిపై పాదం మోపడానికి జంకి, మోకాళ్ళతో ఎక్కారని సంప్రదాయం చెబుతున్నది. నేటికీ ఆ కాలిబాటలో 'మోకాళ్ళ పర్వతం' అన్న పేరు నిలిచి ఉన్నది. అడుగు పెట్టడానికే ఆచార్యులు సంకోచించినచోట మనం విస్తళ్ళు పరచుకొని కూర్చోవచ్చునా? ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు.

కాని గురుపరంపరా కథలు ఆ యాత్రను గురించి మరొక మాట కూడా చెబుతున్నాయి. రామానుజులకు మేనమామ, ఆచార్యుడు అయిన తిరుమలనంబి వృద్ధుడై ఉండియు స్వామివారి ప్రసాదం చేతబట్టుకొని ఆయనకు ఎదురువచ్చాడు. ఇంతటి పెద్దవారు రావలెనా, ఎవరైనా చిన్నవారిని పంపరాదా అని రామానుజులు నొచ్చుకోగా, వీధులన్నీ వెదికినా తనకంటె చిన్నవాడు కనబడలేదని ఆ మహనీయుడు బదులు చెప్పాడట. మోకాళ్ళతో కొండనెక్కిన ఆచార్యులకే కొండమీద ఆహారం ఎదురువచ్చింది. కావున కొండమీద భుజించడం దోషం కాదు. ఆ ఆహారం ఎవరిని ఉద్దేశించి వచ్చింది, ఏ వినయంతో వచ్చింది అన్నదే విచారింపదగినది.

ఇక విహారం మాట. శ్రీమద్భాగవతం దశమస్కంధంలో నందాదులు ఇంద్రయాగానికి సన్నాహం చేస్తుండగా బాలకృష్ణుడు వారిని ఆపి, మనకు అన్నం పెట్టే ఆవులను, విప్రులను, చేరువనున్న గోవర్ధనగిరిని పూజించండి అని బోధించాడు. కనబడని స్వర్గాధిపతికంటె కంటి ఎదుటి కొండయే గోపాలురకు పూజనీయమని నిర్ణయించాడు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదని లోకోక్తి. దూరపు క్షేత్రాలకు అప్పు చేసియైనా వెళ్ళేవారు ఊరిచెంతనున్న నరసింహుని కొండను ఏడాదికొక్కసారియైనా ఎక్కరు. ఆ అలక్ష్యానికి స్వామి ఆనాడే సమాధానం చెప్పాడు.

అంతకంటె విశేషం ఆయన చెప్పిన విధి. పాయసం మొదలు పప్పు వరకు రకరకాలుగా వండండి, శునకాలకు, చండాలురకు, పతితులకు కూడా తగినట్లు అన్నం పెట్టండి, ఆవులకు పచ్చిక వేయండి, గిరికి నివేదించండి, పిమ్మట భుజించి, చందనం పూసుకొని, మంచి వస్త్రాలు కట్టుకొని గిరికి ప్రదక్షిణం చేయండి అన్నాడు. కడుపు మాడ్చుకోమనలేదు. అలంకారం మానుమనలేదు. ఇతరులకు పెట్టిన తరువాతనే మీ భోజనం అన్న క్రమం మాత్రం నిర్దేశించాడు. విహారాన్ని యాత్రగా మార్చే రహస్యం ఈ క్రమంలోనే ఉన్నది.

వనంలో ఉదయాహారం తీసుకోవాలన్న ముచ్చట స్వామికే కలిగిందని కూడా భాగవతం చెబుతున్నది. ఒకనాడు తెల్లవారుజామున లేచి, కొమ్ము ఊది గోపబాలురను మేల్కొలిపి, చిక్కాలతో దూడలను తోలుకొని బయలుదేరాడు. దారిలో అఘాసురుడు కొండవంటి దేహంతో నోరు తెరచుకొని అడ్డుపడగా వానిని సంహరించిన తరువాతగాని యమునాతీరపు ఇసుకతిన్నె చేరలేదు. అప్పటికి పొద్దెక్కింది. పోతనామాత్యుడు ఆ ఆహారాన్ని చల్దులన్నాడు. ఆకులు, పూలరేకులు, చిగుళ్ళు, రాళ్ళు వారికి పళ్ళెరాలు. ఎవరి ఇంటి రుచి వారు ఇతరులకు చూపుతూ నవ్వుకుంటుండగా యజ్ఞభోక్త అయిన స్వామి వారి నడుమ కూర్చుండి ముద్ద పట్టుకున్నాడు. మన పూజాగదిలో చద్దియన్నం నివేదనకు పనికిరాదు. అక్కడ స్నేహమే దానికి శుద్ధి అయింది.

ఆ భోజనం మధ్యలో దూడలు కనబడలేదు. పిల్లలు బెదరిపోయారు. మీరు భోజనం మానవద్దు, నేను తెస్తాను అని చెప్పి స్వామి చేతిలోని ముద్దతోనే లేచివెళ్ళాడు. ఇక్కడ మనకొక ఒరపిడిరాయి దొరుకుతున్నది. వినోదంలో మునిగినవాడు ఇతరుల అవసరం కొరకు విస్తరి ముందునుండి లేవగలడా? లేవగలిగితే అది విహారమైనా భక్తియే. లేవలేకపోతే వంద మెట్లెక్కినా అది ఆకలి యాత్రయే.

ఎంతవరకు అనుభవించాలి అన్నది మిగిలిన ప్రశ్న. దీనికి విజయవాడ గుంటూరుల నడుమనున్న మంగళగిరి సమాధానం చెబుతున్నది. కొండక్రింద 1807-1809 నడుమ వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు కట్టించిన ఎత్తైన గాలిగోపురంతో లక్ష్మీనరసింహాలయం, కొండపైన పానకాల నరసింహస్వామి సన్నిధి ఉన్నాయి. పైని సన్నిధిలో విగ్రహం లేదు, తెరచిన నోటివంటి రంధ్రమే స్వామి. శంఖంతో బెల్లపు పానకాన్ని అందులో పోస్తే గుటకవేసినట్లు శబ్దం వినబడుతుంది. సగం స్వీకరించి మిగిలిన సగాన్ని ప్రసాదంగా విడిచిపెడతాడని, బిందె పెద్దదైనా చిన్నదైనా అదే లెక్క అని భక్తుల విశ్వాసం. లోకాలన్నీ కుక్షిలో నిలుపుకున్నవానికి ఒక బిందెడు పానకం ఎక్కువా? అయినా ఆయన సగంతో ఆగుతాడు. ఇవ్వడం కొరకు ఆగుతాడు. చాలు అనడం నేర్చినవానికే పంచడం చేతనవుతుందని ఆ కొండ చెబుతున్నది.

వైద్యశాస్త్రం కూడా ఈ మితాన్నే సమర్థిస్తున్నది. శిశిరంలో పేరుకున్న కఫం వసంతంలో ఎండకు కరిగి జఠరాగ్నిని మందగింపజేస్తుందని, కావున ఈ ఋతువులో వ్యాయామం, తేలికైన ఆహారం హితమని వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. కొండ ఎక్కడం మంచిదే. ఎక్కిన శ్రమకు బదులుగా కడుపు పగల తినడం మంచిది కాదు.

కావున గృహస్థులారా! ఈ వసంతంలో మీ ఊరి కొండకు తప్పక వెళ్ళండి. పిల్లలను, నడవగలిగిన వృద్ధులను వెంట తీసుకొని వెళ్ళండి. వెనుకబడినవారి అడుగును బట్టి మీ అడుగు వేయండి. ముందు స్వామి సేవ, తరువాత మెట్లదారిలో అలసి కూర్చున్నవారికి ఒక పొట్లం, ఆ తరువాతనే మీ విస్తరి. కోతులకు వేసి వాటికి పరాధీనతను నేర్పకండి. ప్లాస్టిక్ సంచులను, సీసాలను అక్కడ వదలకండి. భగవంతుని దేహమని మ్రొక్కిన కొండమీదనే ఎంగిలి కాగితం విసిరేవాని మ్రొక్కు నోటిమాటగానే మిగిలిపోతుంది. మోకాళ్ళతో ఎక్కడం అందరికీ సాధ్యం కాదు. కూర్చున్న చోటును శుభ్రం చేసి లేవడం అందరికీ సాధ్యమే. ఆ వినయానికి ఈనాటి రూపం అదియే.

ఆనందించండి, అయితే సగం ఇతరులకు మిగిల్చి ఆనందించండి. అప్పుడు ఇంటికి రెండు మైళ్ళ దూరంలోని గుట్ట కూడా గోవర్ధనమే అవుతుంది, చెట్టునీడన తిన్న పిడికెడు దద్ధ్యోదనమూ ప్రసాదమే అవుతుంది.