రెండు మందులు

మన వాడుకలో ‘మందు’ అను మాట ఔషధమునకును చెల్లును, సారాయికిని చెల్లును. ఆంగ్లమున ‘డ్రగ్’ అను మాటయు నట్టిదే. ఈ చిక్కు చిన్నది కాదు.

1935లో అమెరికాలోని ఆక్రన్ నగరమున పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘమున త్రాగుడు మానగోరువారు ఒకరికొకరు తోడగుదురు. మేలైన మార్గమే. కాని వారిలో మనోవ్యాధియు గలవారిచేత, వైద్యుడిచ్చిన మాత్రలును మత్తేయని కొందరు సభ్యులు మానిపించిరి, వ్యాధి తిరుగబెట్టినది. తుదకు 1989లో న్యూయార్కున ఉభయవ్యాధిపీడితులకై ‘డబుల్ ట్రబుల్ ఇన్ రికవరీ’ యను గోష్ఠి వెలసినది. అచట మాత్ర మ్రింగుట దోషము కాదు. ఎవరును లేనిచోట గొంతులు వినవచ్చుచున్నవని యొకడు చెప్పిన నెవ్వరును నవ్వరు, ప్రక్కవాడును వినినవాడే!

మనమో, ఇట్టివానిని శుభకార్యములనాడు వెనుకగదిలో దాచుచున్నాము. మఠమున వారమున కొక సాయంకాలము, కూర్చుండ నొక చాప వారికీయరాదా? మాత్రల సంగతి వైద్యుడు చూచుకొనును. ఉపన్యాసకు లక్కరలేదు, నావంటి పంతులు అసలే వలదు.