ఏ ఊరివాడు?



ఏరు మూలం, ఋషి మూలం అడగరాదని మన పెద్దలు అంటారు. సామెత మనదే గాని ఆచరణలో దానిని పట్టించుకునేవారు తక్కువ. కొత్త మనిషి కనబడితే చాలు, ‘మీదే ఊరు? ఎవరి తాలూకు?’ అని మూలం తవ్వుతాము. ఊరి పేరు చెప్పినా తృప్తి ఉండదు. ఆ ఊళ్లో ఏ పేటో కూడా తెలియాలి.

సువిశేషంలో ఇలా మూలం తవ్వినవాడు నతనయేలు. నజరేతువాడైన యేసును కనుగొన్నామని ఫిలిప్పు సంబరంగా వచ్చి చెబితే, ఆ ఊరినుండి మంచిది వస్తుందా అని పెదవి విరిచాడు (యోహాను 1:46). ఈ మాట అన్నది యెరూషలేము పండితుడు కాదు, రోమా అధికారీ కాదు. నతనయేలుది కానా (యోహాను 21:2). నజరేతుకు కొద్ది మైళ్ల దూరం, అంతే. పొరుగూరిమీద చులకన ఎప్పుడూ ఎక్కువే! నజరేతు చిన్న పల్లె. పూర్వ నిబంధనంలో దాని పేరే కనబడదు.

తరువాత పరిసయ్యులు కూడ ఇదే పాట పాడారు. గలిలీయనుండి ప్రవక్త పుట్టడని నికొదేమును గద్దించారు (యోహాను 7:52). మరి యోనా ప్రవక్త ఊరైన గాత్‌హెఫెరు ఎక్కడుంది? గలిలీయలోనే, నజరేతుకు దగ్గరలోనే (2 రాజులు 14:25). లేఖనాలు కంఠస్థం చేసినవారికి ఆ పూట ఆ సంగతి గుర్తు రాలేదు.

ఫిలిప్పు వాదించలేదు. నజరేతు గొప్పలు చెప్పలేదు. వచ్చి చూడమన్నాడు. నతనయేలు సణిగినా లేచి వెళ్లాడు. అది అతని మంచితనం. ప్రభువు అతనిని నిందించలేదు సరికదా, కపటము లేనివాడని మెచ్చుకున్నారు. ఈ నతనయేలే పునీత బర్తొలొమయి అని పెద్దలు భావిస్తారు. అందుకే ఆగస్టు 24న, ఆయన పండుగనాడు, పూజలో ఈ సువిశేషమే చదువుతారు.

2022 ఆగస్టు 27న ఫ్రాన్సిస్ పోపుగారు హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోనిగారిని కార్డినలుగా చేశారు. తెలుగువారిలో మొదటి కార్డినలు ఆయన. దళితులలోనూ మొదటివారు ఆయనే. ఆ రోజు మన విచారణలలో గంటలు మోగాయి, మిఠాయిలు పంచుకున్నాము. మంచిదే. కాని పెండ్లిచూపుల దగ్గర మన నోట ఏ మాట వస్తున్నది?

ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. కూతురు ఇష్టపడిన అబ్బాయి జ్ఞానస్నానం పొందినవాడే, మన విచారణవాడే, ఉద్యోగం ఉన్నవాడే. “అన్నీ బాగున్నాయి ఫాదర్, కాని ఆ పేటనుంచి...” అని ఆగిపోయింది. మిగతా మాట చెప్పలేదు, చెప్పవలసిన పని కూడ లేదు. ఇద్దరూ ఒకే పీఠం దగ్గర సత్ప్రసాదం తీసుకునేవారే కదమ్మా అని అడిగాను. “అది గుడిలో ఫాదర్” అన్నది. ఆమె చెడ్డది కాదు. చుట్టాలంటే భయం, చిన్న కూతురి సంబంధం చెడుతుందన్న బెంగ. ఫిలిప్పు చెప్పిన మాటే నేనూ చెప్పాను. ఒక్కసారి వాళ్ల ఇంటికి వెళ్లి, వాళ్లమ్మతో మాట్లాడి, ఒక పూట భోంచేసి రమ్మన్నాను.

మూడు నెలలైంది. ఆమె ఇంకా వెళ్లలేదు. ఆ అబ్బాయి మాత్రం ప్రతి ఆదివారం పూజలో హార్మోనియం వాయిస్తూనే ఉన్నాడు. ఆమె ముందు వరుసలో కూర్చుని పాడుతూనే ఉన్నది.