దాచుకున్న పొగ

లంక పొగాకు చుట్టని గోదావరి రైతు రొంటిని దోపుకుని, సాయంత్రానికి కాల్చేస్తాడు. దాచే బెంగ లేదు. చెరువు పోయి పేరు మిగిలిన మాసబ్ ట్యాంక్‌లో ఖరీదైన సిగార్లు పోగుచేద్దామంటే మాత్రం, ముందు సంపాదించాల్సింది తేమ! సెడార్ చెక్క పెట్టె కావాలి. అందులో గాలితేమ 65–70 శాతం ఉండాలి. తగ్గిందా, ఆకు పెళుసెక్కుతుంది, పెరిగిందా, బూజు. వేడి 25 డిగ్రీలు దాటితే పురుగు భయం. మన మే నెల సంగతి మీకు చెప్పాలా? చంటిపిల్లలా సాకాలి. ఇంతా చేసి, గంటలో బూడిద!

పోనీ, కాల్చకుండా దాచుకుంటే? ఒంటికి మంచిదే, డాక్టరుగారూ సంతోషిస్తారు. కాని వాడుకోవడానికి మనసొప్పని వస్తువుకి మనం యజమానులమా, కాపలావాళ్ళమా? పట్టుచీరలు మడత విప్పకుండా బీరువాలో దాచుకునే అమ్మలూ, నవ్వకండి! ప్రశ్న మీక్కూడా.